క్రాంక్ హ్యాండిల్ తాళంచెవి ఎవరి జేబులో ఉండాలి?

రాయగడ వైపు ఒక స్టేషనులో సిగ్నల్ మెయింటెయినర్‌గా ఈమధ్యే చేరిన తమ్ముడు మూడు విషయాలు అడిగారు. క్రాంక్ హ్యాండిల్ (పాయింటును, అంటే బండిని ఒక లైను నుంచి ఇంకో లైనుకు మళ్లించే పట్టాలను, చేత్తో తిప్పే ఇనుప పిడి) తాళంచెవి తీయగానే ఆ పాయింటు మీదుగా వెళ్లే సిగ్నళ్లన్నీ ఎరుపులో బిగిసిపోతాయి, హ్యాండిల్ పాయింటు మెషిన్‌లో పెట్టగానే దాని మోటారుకు కరెంటు ఆగిపోతుంది. అలాంటప్పుడు డిస్‌కనెక్షన్ మెమో (పనికోసం పాయింటును వాడుక నుంచి తప్పిస్తున్నామని స్టేషన్ మాస్టరుకు ఇచ్చే కాగితం) మళ్లీ ఎందుకు? పాయింటును చేత్తో తిప్పి, టంగ్ రైల్ (కదిలే పట్టా) స్టాక్ రైల్‌కు (కదలని పట్టాకు) చక్కగా అతుక్కున్నాక క్లాంపు (రెండింటినీ కలిపి బిగించే పట్టు), తాళం ఎందుకు? "బండికి ఇంకా ఇరవై నిమిషాలుంది, మెమో లేకుండా కానిచ్చేయండి, సిగ్నల్ తీయను (అంటే పచ్చ ఇవ్వను), పూచీ నాది" అని స్టేషన్ మాస్టరే అంటే ఏం చేయాలి?

విజయనగరం నుంచి రాయగడ మీదుగా టిట్లాగఢ్ వెళ్లే లైనులోనూ, రాయగడ–కొరాపుట్ ఘాట్ లైనులోనూ సిగ్నల్ విభాగంలో పనిచేసి రిటైరయినవాడిని. ఈ ప్రశ్నలు అడిగే మనిషి ఉన్నాడంటేనే నాకు సంతోషం. అడగకుండా పని నేర్చుకున్నవాళ్లతోనే నాకు ఎప్పుడూ భయం. రాయగడ డివిజన్ భవనానికి 2025 జనవరి 6న ప్రధాని శంకుస్థాపన చేశారు. ఇకమీద ఈ కొండ లైన్లలోకి కొత్తవాళ్లు చాలామంది వస్తారు. అందుకే కాస్త వివరంగానే చెబుతాను.

నేను చెప్పదలచుకున్నది ఇది. చేతులు పట్టాల మధ్య పెట్టేవాడి జేబులోనే తాళంచెవి ఉండాలి. ఆ చెవి తనను దేని నుంచి కాపాడుతుందో, దేని నుంచి కాపాడదో కూడా అతనికి తెలిసి ఉండాలి. కరెంటు స్తంభం ఎక్కే లైన్‌మన్ కింద ఫ్యూజు పీకి ఎవరికో ఇచ్చి పైకి వెళ్లడు, తన జేబులో వేసుకుని ఎక్కుతాడు. మన పద్ధతీ అలాంటిదే. కాకపోతే మన ఫ్యూజు అవతల ఉన్నది కరెంటు ఒక్కటే కాదు, బండి కూడా.

పాయింటు దగ్గర ఏం జరుగుతుందో ముందు చూద్దాం. మెషిన్‌లోని మోటారు మూడు నుంచి ఐదు సెకన్లలో రెండు టంగ్ రైళ్లనూ ఒకవైపు నుంచి రెండో వైపుకు జరిపేస్తుంది. ఒక టంగ్ రైల్ తన స్టాక్ రైల్‌కు అతుక్కుంటుంది. రెండోది దూరం జరుగుతుంది. ఆ ఖాళీ మామూలు పాయింట్లలో 115 మిల్లీమీటర్లు, థిక్ వెబ్ స్విచ్చుల్లో (మందమైన టంగ్ రైలున్న పాయింట్లలో) 160. అరచెయ్యి హాయిగా పట్టేంత చోటు. అందుకే స్లైడ్ చెయిర్ల (టంగ్ రైల్ జారే ఇనుప పలకల) మీద మట్టి తుడిచేవాడు ఆలోచించకుండా అందులో చెయ్యి పెట్టేస్తాడు. ఎక్కడో స్టేషనులో ప్యానెల్ (పాయింట్లు, సిగ్నళ్లు నడిపే బటన్ల బల్ల) ముందు కూర్చున్న మనిషి రెండు బటన్లు నొక్కితే ఆ ఖాళీ మూసుకుపోతుంది. తప్పించుకునే వ్యవధి ఉండదు. అడ్డం తగిలితే క్లచ్ జారుతుంది కదా అని కొందరు ధైర్యం చెబుతారు. క్లచ్ ఉన్నది మోటారు కాలిపోకుండా. అది జారేది మోటారు తన బలమంతా పెట్టి నెట్టాక. అప్పటికి వేళ్లు మిగలవు.

దీనికి విరుగుడే క్రాంక్ హ్యాండిల్ ఇంటర్‌లాకింగ్, అంటే ఒకటి తీస్తే రెండోది కదలకుండా ముడివేసే ఏర్పాటు. హ్యాండిల్ విడిగా దొరకదు. దానికి జతచేసిన తాళంచెవి స్టేషనులోనో, పాయింట్ల దగ్గరి పెట్టెలోనో, ఎలక్ట్రిక్ తాళంలో ఇరుక్కుని ఉంటుంది. మాస్టరు ప్యానెల్ మీద ఆ గ్రూపు బటన్ నొక్కి విడుదల ఇస్తేనే చెవి తిరుగుతుంది. ఆ గ్రూపులోని పాయింట్ల మీదుగా ఏ సిగ్నలూ తీసి ఉండకూడదు, ఏ రూటూ (బండికి సిద్ధం చేసిన దారి) బిగిసి ఉండకూడదు. అప్పుడు గానీ విడుదల రాదు. ఒకసారి చెవి బయటికి వచ్చిందా, దాన్ని తిరిగి పెట్టేదాకా ఆ సిగ్నళ్లు పచ్చబడవు. చెవి తాళంలో ఉంటే సిగ్నల్‌కు అనుమతి, బయట ఉంటే మనిషికి అనుమతి. ఒకే చెవి రెండు చోట్ల ఉండలేదు కనుక ఇద్దరికీ ఒకేసారి అనుమతి దొరకదు. 1875లో ఇంగ్లండులో అనెట్ అనే ఆయన తయారుచేసిన తాళం కూడా ఈ సూత్రం మీదే నడిచింది. రిలేలు (కరెంటుతో పనిచేసే స్విచ్చులు) పోయి కంప్యూటర్ ఇంటర్‌లాకింగ్ వచ్చినా సూత్రం మారలేదు.

చాలామంది పట్టించుకోని ఇంకో సంగతి, ఆలస్యం. మాస్టరు అప్పటికే బండికి సిగ్నల్ తీసి ఉంటే, దాన్ని వెనక్కి వేసిన వెంటనే చెవి విడుదల కాదు. బండి దగ్గరపడి ఉంటే, సిగ్నల్ ఎరుపయ్యాక కూడా రూటు 120 సెకన్ల పాటు బిగిసే ఉంటుంది. ఎందుకంటే లోకో పైలట్ అప్పటికే పచ్చ చూసి వేగంగా వస్తూ ఉండవచ్చు. ఎరుపు చూసి బ్రేకు వేసినా బండి ఆగడానికి దూరం కావాలి. ఆ రెండు నిమిషాల్లో బండి ఆగనైనా ఆగాలి, పాయింటు దాటనైనా దాటాలి. ఈ రెండు నిమిషాలు వృథా అని విసుక్కునేవాళ్లను చూశాను. పాయింటు దగ్గర గొంతుక్కూర్చుని పనిచేసేవాడి ప్రాణానికి ఆ నిమిషాలే కంచె.

చెవితో పాయింటు దగ్గరికి వెళ్లి, మూత తీస్తే, హ్యాండిల్ దూర్చే చోట ఒక షట్టర్ ఉంటుంది. దాన్ని జరిపితే తప్ప హ్యాండిల్ లోపలికి పోదు. షట్టర్ జరగగానే కట్-అవుట్ కాంటాక్టు విడిపోయి మోటారు సర్క్యూట్ అక్కడికక్కడే తెగిపోతుంది. ఇది రెండో కంచె. స్టేషనులో ఎవరు ఏ బటన్ నొక్కినా మోటారు తిరగదు. ఇంతవరకూ మీరు చెప్పింది అక్షరాలా నిజం.

ఇక మెమో ఎందుకో చెబుతాను. తాళంచెవి సిగ్నల్‌తో మాట్లాడుతుంది గానీ మనుషులతో మాట్లాడదు.

సిగ్నల్ పడనంత మాత్రాన రైల్వే ఆగిపోదు. సిగ్నల్ రాకపోతే మాస్టరు లోకో పైలట్‌కు టి/369-3బి కాగితం ఇచ్చి ఎర్ర సిగ్నల్ దాటించవచ్చు. అది నిబంధనల ప్రకారమే జరిగే పని, ప్రతి చోటా జరిగేదే. ఆ కాగితం మీద నడిచే బండిని మీ జేబులోని తాళంచెవి ఆపలేదు. మెమో లేకుండా మీరు చెవి తీసుకెళ్లారనుకోండి. ఈలోగా డ్యూటీ మారింది. కొత్తగా కూర్చున్న మాస్టరు సిగ్నల్ తీయబోతే రావడం లేదు. ప్యానెల్ మీద చెవి బయట ఉన్నట్టు సూచిక కనబడుతూనే ఉంటుంది. కానీ ఎందుకు ఉందో ఆ సూచిక చెప్పదు. పొద్దున ఫెయిల్యూర్‌కు తీసి తిరిగి పెట్టలేదేమో అనుకుంటాడు. కంట్రోల్ (బండ్ల నడకను చూసే ఆఫీసు) నుంచి ఫోను మీద ఫోను. పాయింట్స్‌మన్‌ను (పాయింట్ల దగ్గర పనిచేసే స్టేషను ఉద్యోగిని) పంపి బండిని కాగితం మీద తెప్పించేస్తాడు. మీరు మెషిన్ మూత తీసుకుని కూర్చునే ఉంటారు. టి/351, అంటే డిస్‌కనెక్షన్ మెమో, ఆయన బల్ల మీద ఉండి ఉంటే, ఏ పాయింటు, ఏ పని, ఎప్పటి నుంచి ఎప్పటిదాకా, ఏయే సిగ్నళ్లు లేవు అన్నవన్నీ ఎదురుగా కనబడేవి. పనిచేస్తున్న మనిషి పేరు కూడా అందులో ఉంటుంది. ప్యానెల్ దీపం మీద ఆ పేరు ఉండదు.

రెండో కారణం ఇంకా లోతైనది. హ్యాండిల్ మోటారు కరెంటును మాత్రమే తెంపుతుంది. డిటెక్షన్ సర్క్యూట్‌ను, అంటే పాయింటు ఏ వైపు ఉందో సిగ్నల్‌కు చెప్పే తీగలను, అది తాకదు. మీరు డిటెక్షన్ కాంటాక్టులు సరిచేస్తున్నారనుకోండి, లొకేషన్ పెట్టెలో (పట్టాల పక్కన తీగలు కలిసే పెట్టెలో) కేబులు మారుస్తున్నారనుకోండి. అక్కడ ఒక తీగ తప్పు టెర్మినల్‌కు తగిలితే పాయింటు ఒకవైపు ఉండగా రెండో వైపు ఉన్నట్టు సమాచారం పోతుంది. ఆ తప్పును ఏ తాళంచెవీ పట్టుకోదు. పట్టుకోగలిగింది రీకనెక్షన్‌కు (పాయింటును మళ్లీ వాడుకలోకి ఇవ్వడానికి) ముందు చేసే పరీక్షే. మెమో ఇవ్వకపోతే రీకనెక్షన్ ఉండదు. రీకనెక్షన్ లేకపోతే ఆ పరీక్ష చేయించమని అడిగేవాడు ఉండడు.

ఇది పుస్తకంలో మాట కాదు. 2023 జూన్ 2 సాయంత్రం బాలేశ్వర్ జిల్లా బహనగా బజార్‌లో జరిగింది మనందరికీ తెలుసు. చెన్నై వైపు వెళ్తున్న కోరమాండల్‌కు హోమ్ సిగ్నల్ (స్టేషనులోకి రానిచ్చే సిగ్నల్) మెయిన్ లైనుకు పచ్చ చూపింది. పాయింటు మాత్రం, 17ఎ/బి క్రాసోవర్ (రెండు లైన్లను కలిపే పాయింట్ల జత), లూప్ లైనుకు (స్టేషనులో పక్కకు చీలే లైనుకు) పెట్టి ఉంది. లూప్‌లో సరుకు బండి నిలబడి ఉంది. 290 మందికి పైగా చనిపోయారు. ఆ బండి ఈ తీరం వాళ్లందరికీ సొంత బండి లాంటిది. ఆ రాత్రి మా వీధిలో ఫోను పట్టుకుని కూర్చోని ఇల్లు లేదు. రైల్వే సేఫ్టీ కమిషనర్ విచారణ తేల్చిన కారణం పార్లమెంటులోనే చెప్పారు: స్టేషను ఉత్తరం వైపు సిగ్నల్ గుమ్టీలో (పట్టాల పక్క చిన్న గదిలో) గతంలో సర్క్యూట్ మార్చినప్పుడు జరిగిన లోపాలు, ఆ తర్వాత 94వ నంబరు లెవెల్ క్రాసింగ్ గేటుకు ఎలక్ట్రిక్ బ్యారియర్ మార్చే పనిలో జరిగిన లోపాలు. అంటే మెయింటెనెన్స్ పని చేసేటప్పుడు, మన చేతుల్లో, మన టెర్మినళ్ల మీద. రిలే గదికి రెండు తాళాలు ఎందుకు, ఒకటి మాస్టరు దగ్గర, ఒకటి మన దగ్గర ఎందుకు అని ఎవరైనా అడిగితే నేను బహనగా పేరు చెబుతాను.

కనుక రీకనెక్షన్ పరీక్షను ఎప్పుడూ తొందరలో ముగించకండి. పాయింటు దగ్గర ఒక మనిషి, ప్యానెల్ దగ్గర ఒక మనిషి ఉండాలి. ప్యానెల్ నార్మల్ (పాయింటు మామూలుగా ఉండే వైపు) అన్నప్పుడు పట్టా నిజంగా నార్మల్‌లో ఉందో లేదో కంటితో చూసి చెప్పాలి. రివర్స్‌కూ (రెండో వైపుకూ) అంతే. టంగ్ రైల్ కొన నుంచి 150 మిల్లీమీటర్ల దగ్గర, టంగ్ రైల్‌కూ స్టాక్ రైల్‌కూ మధ్య 5 మిల్లీమీటర్ల ముక్క పెట్టి పాయింటు వేయించండి. లాక్ పడకూడదు, డిటెక్షన్ రాకూడదు, క్లచ్ జారాలి. రెండు వైపులా చేయాలి. ఒక వైపు చేసి, రెండోది కూడా బాగానే ఉంటుందిలే అని వదిలేసే అలవాటు చాలాచోట్ల ఉంది. రెండో వైపే బండి వెళ్లే వైపు కావచ్చు. అడ్డం పెట్టినప్పుడు మోటారు తీసుకునే కరెంటు మామూలుగా తిరిగేటప్పటి కంటే ఒకటిన్నర నుంచి రెండు రెట్లు ఉండాలి. అంతకు మించి ఉంటే క్లచ్ బిగుసుకుపోయినట్టు, తక్కువ ఉంటే వదులైనట్టు.

మన లైన్లలో ఈ పరీక్షకు ఇంకో ప్రాధాన్యం ఉంది. కొత్తవలస–కిరండూల్ లైనులో బైలడిల్లా ఇనుప ఖనిజం దిగుతూనే ఉంటుంది. ఆ ఎర్ర పొడి స్లైడ్ చెయిర్ల మీద పడి, మనం వేసిన నూనెతో కలిసి, ముద్దగా గట్టిపడుతుంది. దామన్‌జోడి వైపు సరుకు బండ్ల లైనులోనూ దుమ్ముకు తక్కువ లేదు. వానాకాలంలో ఘాట్ మీద నుంచి మట్టి, చిన్న రాళ్లు కొట్టుకువస్తాయి. శనగగింజంత కంకర ముక్క టంగ్ రైల్ మూలలో ఇరుక్కుంటే చాలు, పాయింటు దాదాపు మూసుకున్నట్టే కనబడుతుంది. ఆ "దాదాపు" అన్నది కంటికి కనబడదు, గేజికే కనబడుతుంది.

ఇప్పుడు రెండో ప్రశ్న. చేత్తో తిప్పాక క్లాంపు ఎందుకు?

హ్యాండిల్ తిప్పేటప్పుడు చివర్లో చేతికి ఒక బిగువు తగులుతుంది, ఆ తర్వాత లాక్ పడిన చప్పుడు వినబడుతుంది. అనుభవం ఉన్నవాడికి ఆ చప్పుడుతోనే సగం తృప్తి. అయినా మూడు కారణాలు గుర్తుంచుకోండి. సిగ్నల్ మీద వచ్చే బండికి పాయింటు సరిగా ఉందని ఇంటర్‌లాకింగ్ ప్రతి క్షణం చూసుకుంటూ ఉంటుంది. డిటెక్షన్ పోతే సిగ్నల్ దానంతటదే ఎరుపవుతుంది. కాగితం మీద వచ్చే బండికి అలా చూసుకునేవాళ్లెవరూ లేరు. మీరు వచ్చేశాక అక్కడ ఏం జరిగినా ఎవరికీ తెలియదు. రెండోది, హ్యాండిల్ బయటికి తీసి కట్-అవుట్ మళ్లీ కలిపారంటే మోటారుకు కరెంటు దారి తెరుచుకున్నట్టే. మూడోది, మెయింటెనెన్స్‌లో రాడ్లు (మెషిన్‌ను టంగ్ రైల్‌కు కలిపే కడ్డీలు) విప్పి ఉంటే లోపలి లాక్ దేన్నీ పట్టి ఉంచదు. లాక్ ఎక్కడో ఉంటుంది, టంగ్ రైల్ ఇంకెక్కడో. క్లాంపు మాత్రం టంగ్ రైల్‌ను స్టాక్ రైల్‌కు నేరుగా అదిమి పడుతుంది. మధ్యలో మోటారు లేదు, తీగ లేదు, రాడ్డు లేదు.

ఎదురు నుంచి, అంటే టంగ్ రైల్ కొన వైపు నుంచి, వచ్చే బండికి ఇది ప్రాణావసరం. ఎదురు దిశలో చక్రం ముందుగా తగిలేది టంగ్ రైల్ కొనకే. అక్కడ సందు ఉంటే చక్రం అంచు ఆ సందులోకి దూరుతుంది. ముందు చక్రాలు ఒక లైనుకు, వెనక చక్రాలు ఇంకో లైనుకు పోవాలని చూస్తాయి. అందుకే ఇంటర్‌లాకింగ్ లేని పాయింట్ల మీద 15 కిలోమీటర్ల వేగం దాటకూడదన్న నియమం. వేగం తగ్గించాం కదా అని క్లాంపు మానేసేవాళ్లున్నారు. 15 కిలోమీటర్ల వేగంతోనూ పెట్టె పక్క లైను మీదికి ఒరిగిపోగలదు, ఆ పక్క లైనులో వచ్చే బండి వేగం 15 కాదు.

క్లాంపుకు వేసిన తాళంకప్ప చెవి కూడా వేసిన మనిషి దగ్గరే ఉండాలి. క్లాంపు తీయకుండా ప్యానెల్ నుంచి పాయింటు తిప్పబోతే క్లచ్ జారి ఫెయిల్యూర్ అవుతుంది, రాడ్లూ వంగవచ్చు. కనుక ఎక్కించడం ఎంత ముఖ్యమో, తీశామని మాస్టరుకు చెప్పి రిజిస్టరులో రాయించడం అంతే ముఖ్యం.

క్రాసోవర్ విషయంలో ఒక మాట గట్టిగా చెప్పాలి. ఒకే నంబరు, రెండు చివరలు, రెండు మెషిన్లు. ప్యానెల్ నుంచి వేస్తే రెండూ కదులుతాయి. చేత్తో తిప్పితే మీరు తిప్పినదే కదులుతుంది. రాత్రి, వాన, చేతిలో టార్చి, తలమీద ప్లాస్టిక్ సంచి; ఎ చివర తిప్పి, క్లాంపు వేసి, "పాయింటు సెట్ అయింది" అని ఫోను చేసేస్తారు. బి చివర పాత స్థితిలోనే ఉంటుంది. ఈ ప్రాంతంలోనే ఒక స్టేషనులో సరిగ్గా ఇలాగే జరిగిన రాత్రి నేను అక్కడే ఉన్నాను. పిడుగు పడి రెండు ట్రాక్ సర్క్యూట్లు (పట్టా మీద బండి ఉందో లేదో చెప్పేవి) పోయాయి, సరుకు బండి హోమ్ దగ్గర నిలబడింది. కొత్త కుర్రాడు ఎ చివర నుంచే ఫోను చేశాడు. వయసు మళ్లిన ఒడియా పాయింట్స్‌మన్ మాత్రం కాగితం తీసుకుని బండి దగ్గరికి వెళ్తూ, తన అలవాటు కొద్దీ రూటు పొడవునా నడిచాడు. బి చివర దగ్గర ఆగి, టార్చి నేలకు ఆనించి పట్టుకుని, టంగ్ రైల్ పక్కన వంగి చూశాడు. పక్క నుంచి పడే వెలుతురులో సందు నల్లగీతలా కనబడుతుంది. నిలబడి పైనుంచి వెలుతురు కొడితే ఇనుము తళతళలాడి సందు మాయమవుతుంది. చూసి, కాగితం జేబులో పెట్టుకుని, వెనక్కి వచ్చి "బి బాకీ ఉంది బాబూ" అన్నాడు. అంతే, ఇంకో మాట లేదు. నౌపడా–గుణుపురం నారోగేజీ రోజుల్లో పని నేర్చిన మనిషి ఆయన. 1900లో మొదలైన ఆ లైను 2011లో బ్రాడ్‌గేజీ అయింది. నారోగేజీలో చేతి లీవర్ల పాయింట్లే. ప్యానెల్ చెప్పేదాన్ని నమ్మే అలవాటు ఆయనకు లేదు, కంటితో చూసే అలవాటే ఉంది. టార్చి పట్టుకునే ఆ తీరు ఆ కుర్రాడికే కాదు, ఆ తర్వాత నా దగ్గర పనిచేసిన వాళ్లందరికీ నేర్పాను.

ఫోనులో చెప్పేటప్పుడు కూడా "సెట్ అయింది" అనకండి. "17 ఎ చివర నార్మల్, క్లాంపు, తాళం వేశాను. 17 బి చివర నార్మల్, క్లాంపు, తాళం వేశాను" అనండి. ప్రైవేట్ నంబరు (చెప్పిన మాట ఖాయమని ఇచ్చే రహస్య అంకెలు) అంకె అంకెగా చెప్పి, అవతలి వాళ్లతో తిరిగి చెప్పించుకోండి. మన స్టేషన్లలో తెలుగు, ఒడియా, హిందీ మూడూ నడుస్తాయి. గాలివానలో ఫోనులో "సాత్", "ఆఠ్" ఒకలాగే వినబడతాయి. అనుమానం వస్తే ఇంకోసారి అడగడం నామోషీ కాదు.

మీరు అడగలేదు గానీ అన్నిటికంటే ప్రమాదకరమైనది ఇంకొకటి ఉంది. అదనపు హ్యాండిల్. ఎప్పుడో పోయిందనుకుని రికార్డుల్లో కొట్టేసింది తర్వాత దొరకడం, పాత మెషిన్ స్క్రాప్‌కు పంపేటప్పుడు హ్యాండిల్ మాత్రం గదిలో ఉండిపోవడం, లేదా "అవసరానికి పనికొస్తుంది" అని ఎవరో వర్క్‌షాపులో చేయించి పెట్టుకోవడం. తాళంచెవి లేని ఆ హ్యాండిల్ ఇంటర్‌లాకింగ్ మొత్తానికి దొడ్డిదారి. దాన్ని మెషిన్‌లో పెడితే మోటారు ఆగుతుంది గానీ సిగ్నల్ పచ్చగానే ఉంటుంది. తిప్పడం మొదలుపెట్టాక డిటెక్షన్ పోయి సిగ్నల్ ఎరుపవుతుంది నిజమే, కానీ బండి అప్పటికే ఆ సిగ్నల్ దాటి ఉంటే ఆ ఎరుపును చూసేవాళ్లెవరు? బండి పాయింటు మీదే ఉన్నప్పుడు ప్యానెల్ నుంచి పాయింటు కదలదు, ట్రాక్ సర్క్యూట్ ఆపుతుంది. చేతి హ్యాండిల్‌ను ట్రాక్ సర్క్యూట్ ఆపలేదు, అది ఉత్త ఇనుము. మీ స్టేషనులో నంబరు లేని, చెవి లేని, రిజిస్టరులో లేని హ్యాండిల్ ఏదైనా కనబడితే ఆ రోజే మీ ఇన్‌స్పెక్టరుకు రాసి అప్పగించండి. ఎవరిదో అని ఆలోచించకండి, స్నేహాలు చూడకండి. చెవి ఉన్న హ్యాండిల్ పనిచేసే సమయంలో కూడా, పాయింటు మీద చక్రం ఉండగా దాన్ని మెషిన్‌లో పెట్టకూడదు.

ఇంకోటి, తాళంచెవికి పక్క లైనుతో సంబంధం లేదు. మీ పాయింటు మీదికి బండి రాదు, పక్క లైను మీద మామూలు వేగంతోనే వస్తుంది. కొరాపుట్ ఘాట్‌లో దిగువకు వచ్చే ఎలక్ట్రిక్ ఇంజను చప్పుడు వంపు తిరిగేదాకా సరిగా వినబడదు, సొరంగాల దగ్గర అసలే వినబడదు. శీతాకాలం తెల్లవారుజామున మంచులో కనబడదు కూడా. ఈల, ఎర్రజెండా పట్టుకున్న మనిషి ఒకరు కేవలం చూడడానికే ఉండాలి. అతనితో స్పానర్ అందించమనకండి. స్పానర్ వెతుక్కునే పది సెకన్లు అతని కళ్లు లైను మీద ఉండవు.

మూడో ప్రశ్న, మాస్టరు "పూచీ నాది" అంటే.

ఆయన మంచి మనసుతోనే అంటారు, అది నాకు తెలుసు. మెమో మీద సంతకం పెడితే కంట్రోల్‌కు చెప్పాలి, బ్లాకు (బండ్లు ఆపి పనికిచ్చే సమయం) దొరకదు, రెండు బండ్లు ఆగితే సంజాయిషీ రాయాలి. మాస్టరు మీదా ఒత్తిడి ఉంది. కానీ ఆయన ఇవ్వగలిగింది మాట మాత్రమే. ఆ ఇరవై నిమిషాల్లో ఆయనకు ఇంకో ఫోను వస్తుంది, పక్క స్టేషను లైన్ క్లియర్ (బండి పంపడానికి అనుమతి) అడుగుతుంది, ప్రయాణికుడెవరో కిటికీ దగ్గర గొడవపడతాడు. మనిషి మరిచిపోతాడు, చెవి మరిచిపోదు. "సిగ్నల్ తీయను" అన్న మాటను చెవి రూపంలో ఇవ్వమని అడగండి. అంత నమ్మకంగా తీయనంటున్నప్పుడు చెవి విడుదల చేయడానికి ఆయనకేం అడ్డం?

మర్యాదగానే అడగాలి. "సార్, మెమో ఇస్తున్నాను, మీకు వీలైన సమయం వేసి ఇవ్వండి, అప్పుడే చేస్తాను" అనండి. తోసిపుచ్చితే మెమో మీదే ఆ మాట, సమయం రాయమనండి. రాయనంటే మీరే మీ డైరీలో సమయంతో రాసుకుని, మీ ఇన్‌స్పెక్టరుకు ఫోను చేయండి. వాదన పెట్టుకోవద్దు. చెవి తీసినదీ పెట్టినదీ, పాయింటు కదిలినదీ డేటా లాగర్ సెకన్లతో సహా నమోదు చేస్తుంది. రేపు ఎవరు ఏమన్నారో అది చెప్పదు, ఎవరు ఏం చేశారో మాత్రం చెబుతుంది.

ఆలోగా ఊరికే కూర్చోనక్కర్లేదు. మాస్టరుకు చెప్పి, లుకౌట్‌తో (బండిని కనిపెట్టి చూసే మనిషితో), పాయింటు పక్కన నిలబడి చూసి రాసుకోదగినవి చాలా ఉంటాయి: మెషిన్ బోల్టులు, రాడ్ల పిన్నులకు చీలలు ఉన్నాయా, స్లీపర్ కింద కంకర కూరుకుందా, స్లైడ్ చెయిర్ల మీద అరుగుదల ఎక్కడుంది, పాయింటు వేసినప్పుడు ఏ టంగ్ రైల్ ఆలస్యంగా అతుక్కుంటోంది. చేతులు జేబులో ఉంచుకుని చూడండి. మూత తెరవద్దు, నట్టు వదులు చేయవద్దు, టంగ్ రైళ్ల మధ్య గుడ్డ కూడా పెట్టవద్దు. బ్లాకు దొరికినప్పుడు ఆ చీటీ దగ్గరుంటే గంట పట్టే పని ముప్పావు గంటలో అవుతుంది. తర్వాతిసారి మాస్టరుకు "నలభై ఐదు నిమిషాలు చాలు సార్" అని చెప్పగలరు, ఆయనా తేలిగ్గా సంతకం పెడతారు.